యార్డుకు రాని ఎర్రగడ్డలు

సెప్టెంబరు. పీహెచ్‌డీలో మూడో ఏడు.
ఫెలోషిప్పు పడక నాలుగు నెలలు.
జిలానీ సారు ముందర నా పట్టిక పెట్టినా.
పదకొండు వందల నలభై మంది రైతులు,
రెండు వేల పైచిలుకు తక్‌పట్టీలు,
ఒక్కో అంకె నెత్తిన మూడేసి నక్షత్రాలు,
బాసికం కట్టినంత ముద్దుగా.

సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
(ఆయన అద్దాలు తుడిస్తే
ఇంకో ఆర్నెల్ల పని పడినట్టేనని సీనియర్ల మాట.)
"బాగుంది ఉరుకుందమ్మా.
యార్డుకు రాని గడ్డలు యాడ?"

రానివాటిని ఎట్లా లెక్క రాస్తారు సార్, అన్నా.
రేపు నాలుగింటికి రా, అన్నాడు.
సాయంత్రం నాలుగనుకున్నా.

తెల్లారుజామున కర్నూలు మార్కెట్ యార్డు.
సంచుల మీదే నిద్రపోయిన మనుషులు,
కాళ్ళకింద ఎర్రటి పొట్టు,
కండ్లల్లో మంట.
నలభై సంచులు తెచ్చిన కోడుమూరు ఆయన చేతిలో చీటీ:
హమాలీ, కాటా, కమీషను, బాడుగ పోగా
నూటా పద్దెనిమిది రూపాయలు.
సారు ఆయన్నేమీ అడగలేదు. టీ తాపించినాడు.
మినీ లారీ డ్రైవర్ని అడిగినాడు:
"మీ ఊర్నుంచి ఎంతమంది రాలేదప్పా?"
"ఎవురొస్తారు సార్, బాడుగ గూడా గిట్టదు.
చేన్లోనే ఇడిసిపెట్టి గొర్రెల్ని తోలినారు."

నా పట్టికలో గొర్రెలు లేవు.

తిరిగొస్తా, కేసీ కెనాలు పక్కన, ఉగ్గాని ముందర పెట్టుకొని
మూడు నెలల్నుంచి గొంతులో ఉన్నది అడిగేసినా.
ఇదంతా మానేసి గ్రూప్ టూ రాసుకోనా సార్?
హైదరాబాదు సర్వే కంపెనీ ముప్పై ఐదు వేలంటోంది.
నా చోట మీరుంటే ఏం చేస్తారు?

"నన్నడగొద్దు బేటీ.
నేను యార్డుకొచ్చిన గడ్డను.
ధర పలికిన గడ్డ మాట విని
ఎవురూ విత్తనం కొనగూడదు."

పారేసిన తక్‌పట్టీ ఒకటి తీసి, వెనక్కి తిప్పి
పేర్లు రాసిచ్చినాడు.
సుంకన్న. జయశీల. నాగశేషులు.
నాలుగోది రాసి, కొట్టేసినాడు.
"అందరూ నా దగ్గర చేరినోళ్ళే.
నా బయోడేటాలో దొరకరు. పోయి అడుగు."

సుంకన్న ఎంతో దూరం లేడు. అదే యార్డులో గుమాస్తా.
నా రెండు వేల చీటీల్లో సగం
ఆయన దస్తూరీయే.
మానేసినందుకు బాధ లేదమ్మా, అన్నాడు,
మానేస్తున్నానని సారుకు చెప్పడానికి
రెండేండ్లు దాక్కొని తిరిగినా చూడు, అదీ బాధ.

జయశీల పట్టా తెచ్చుకుంది. ఆదోనిలో కాంట్రాక్టు లెక్చరరు.
జీతమొచ్చి ఏడు నెలలు.
"బోర్డు మీద గిరాకీ గీత గీస్తున్నంతసేపూ
గుర్తుకు రాదు. చాక్‌పీసు కొనేటప్పుడు వస్తాది."
నవ్వింది. నేను నవ్వాలో వద్దో తెలీలేదు.

నాగశేషులు ఫోనెత్తలేదు. మూడు సార్లు.
అదీ జవాబే, రాసుకో, అన్నాడు సారు.

నేను మానలేదు. ధైర్యమనుకోవద్దు,
ఆ వారంలోనే బకాయిలన్నీ ఒక్కసారి పడినాయి, అంతే.
గొర్రెలకు ఒక అధ్యాయం పెట్టినా.
నక్షత్రాలు చానా రాలిపోయినాయి.

ఇప్పుడు నా గదికీ పిల్లలొస్తారు,
మేడం, మీరైతే ఏం చేస్తారంటారు.
సొరుగులోంచి ఆ చీటీ తీస్తాను.
సిరా వెలిసిపోయింది. కొట్టేసిన గీత మాత్రం నల్లగానే ఉంది.
ఆ పేరెవరిదని సారును అడగాలనుకుంటూనే
ఆయన రిటైరైపోయినాడు.

ఇప్పుడు అడగను.
నాకూ ఒకటుంది. ఆలూరు పిల్లోడు, సన్నగా ఉంటాడు.
ఒక శుక్రవారం సాయంత్రం డ్రాఫ్టు పట్టుకొని
వాకిట్లో నిలబడితే
తలెత్తకుండా అన్నాను,
సోమవారం చూద్దాంలే.